సలహాదారును ఎలా ఎంచుకోవాలి? – కృత్రిమ మేధ కాలంలో ఒక పాఠం



నేడు ఏ ఆఫీసుకు వెళ్లినా, ఏ పేపరు తిరగేసినా ‘ఏఐ’ అన్న మాటే కనిపిస్తోంది. ఏఐ అంటే కృత్రిమ మేధ. పాత లెక్కలను, ఫొటోలను, మాటలను పెద్ద ఎత్తున కంప్యూటరుకు చూపించి, వాటిలోని పోలికలను బట్టి కొత్త సందర్భంలో అంచనా వేయించటమే దాని సారాంశం.

మేము పీ.జీ.లో మేనేజిమెంటు చదువుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం కూడా. రేపు మీలో ఒకరు సహకార సంఘానికి కార్యదర్శి కావచ్చు, ఇంకొకరు ఆసుపత్రిలోనో, చిన్న కంపెనీలోనో మేనేజరు కావచ్చు. అప్పుడు “ఈ ఏఐ సాఫ్ట్‌వేరు కొనండి, మీ కష్టాలు తీరిపోతాయి” అంటూ ఒకరు తప్పక వస్తారు. సంతకం మీరే పెట్టాలి. డబ్బు మాత్రం పది మందిది. ఆ రోజు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నదే ఈ వ్యాసం.

1. స్వతంత్ర సలహాదారు అంటే ఎవరు?

ఒక పనిలో అనుభవం గడించి, ఏ కంపెనీ తరఫునా కాకుండా, ఫీజు తీసుకుని కొంతకాలం మన పనికి దారి చూపే వ్యక్తిని స్వతంత్ర సలహాదారు లేదా కన్సల్టెంట్ అంటారు. ఉద్యోగి మన దగ్గరే ఉంటాడు. అమ్మకందారు తన సరుకు కోసం వస్తాడు. సలహాదారు ఈ ఇద్దరిలో ఎవరూ కాడు.

పెద్ద ఓడ విశాఖ రేవులోకి వచ్చేటప్పుడు పైలట్ అనే ఆయన ఓడ ఎక్కుతాడు. ఆ రేవులో లోతు ఎంత, మలుపు ఎక్కడ అన్నది ఆయనకు తెలుసు. ఓడను లోపలికి చేర్చి దిగిపోతాడు. అయితే ఆయన ఓడ మీద ఉన్నంతసేపూ ఓడ బాధ్యత కెప్టెన్‌దే. సలహాదారు పని కూడా ఇంతే. తెలివి ఆయనది, నిర్ణయం మనది.

మన ఊళ్లల్లో ఉచిత సలహాకు కొదవ లేదు. పురుగు పడితే ఏ మందు కొట్టాలో మందుల కొట్టువాడు చెబుతాడు. ఏ కాలేజీలో చేరాలో ఏజెంటు చెబుతాడు. ఇద్దరికీ అమ్మకంలో వాటా ఉంటుంది. చదువుకున్నవాళ్లు ఉన్న ఇళ్లల్లో ఒక బాబాయో, మావయ్యో ఏ స్వార్థం లేకుండా మంచి చెడ్డ చెబుతారు. మన ఇళ్లల్లో ఆ బాబాయి లేడు. అందుకే స్వతంత్రమైన సలహాను గుర్తుపట్టటం, అవసరమైతే డబ్బిచ్చి తెచ్చుకోవటం మనం ప్రత్యేకంగా నేర్చుకోవాలి.

2. చరిత్ర చెప్పే ఉదాహరణ

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగి వేల మంది ప్రాణాలు తీసింది. నిజాం ప్రభుత్వం అప్పటికి బొంబాయి ప్రభుత్వ సర్వీసు నుంచి వైదొలగి విదేశ పర్యటనలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన 1909లో ప్రత్యేక సలహా ఇంజనీరుగా వచ్చారు. ముందుగా వర్షపాతం లెక్కలు, పైనున్న చెరువులు తెగిన వివరాలు సేకరించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని ఆ ఏడాది అక్టోబరులో నివేదిక ఇచ్చారు. నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిపోయిన తర్వాత పని ఆగలేదు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపటమే కాక నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. దీని నుంచి మనం గ్రహించవలసినవి మూడు. పిలిచినవారికి తమ సమస్య ఏమిటో స్పష్టంగా తెలుసు. వచ్చినాయన లెక్కలు చూశాకే పరిష్కారం చెప్పారు. ఆయన లేకపోయినా ఇక్కడివారు పని సాగించగలిగారు.

3. ఏఐలో మన రాష్ట్ర ఉదాహరణ

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 175 మంది రైతులతో ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 వరకు 30 ఏళ్ల వాతావరణ సమాచారాన్ని పరిశీలించి, వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపారు. హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు.

ఇక్కడ రైతు కొత్త ఫోను కొనలేదు, పొలంలో ఏ యంత్రమూ పెట్టలేదు. “ఎప్పుడు విత్తాలి?” అన్న ఒక్క ప్రశ్నకు, ఒక్క మండలంలో, కొద్దిమందితో మొదలుపెట్టారు. ఏఐని తెచ్చుకునేవారు గుర్తుంచుకోవలసిన పద్ధతి ఇదే.

4. కళింగపట్నంలో అయితే?

మన కళింగపట్నంలో ఒక మత్స్యకార సహకార సంఘం ఏఐ వాడాలనుకుంది అనుకుందాం. “చేప ఎక్కడ ఉందో మా యాప్ చెబుతుంది” అని ఒక కంపెనీ వచ్చింది. మంచి సలహాదారు అప్పుడు ఏం చేస్తాడు?

మొదట, ఉచితంగా దొరికేది ఏమిటో చెబుతాడు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సముద్రపు వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు దొరికే అవకాశం ఉన్న చోట్లను తెలుగులో కూడా తెలియజేస్తోంది. దానికి రుసుము లేదు. అది చాలకపోతేనే మరొకటి కొనాలి.

రెండవది, అసలు నష్టం ఎక్కడుందో చూస్తాడు. ఒక్కొక్కప్పుడు చేప దొరకకపోవటం కాదు, ఐసు చాలకపోవటం, ధర తెలియకపోవటం నష్టానికి కారణం కావచ్చు. దానికి ఏఐ కాదు, ఐసు పెట్టెలే మందు.

మూడవది, పది బోట్లతో నెల రోజుల పాటు నోటుపుస్తకంలో డీజిలు, గంటలు, చేపల బరువు, వచ్చిన ధర రాయిస్తాడు. ఆ లెక్క లేకుండా యాప్ వల్ల లాభమో నష్టమో ఎవరూ చెప్పలేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. శిక్షణకు ఆ రోజులు కేటాయిస్తాడు.

నాలుగవది, యాప్ ఏం చెప్పినా వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఉంటే బోటు దిగకూడదని రాతపూర్వకంగా పెట్టిస్తాడు. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుఫాన్లను చూసిన తీరం మనది. ఇక్కడ తప్పుడు అంచనా డబ్బుతో పోదు.

5. నియమించుకునేటప్పుడు పాటించవలసినవి

(అ) ముందు సమస్యను ఒక పేజీలో మనమే రాసుకోవాలి. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎంత ఖర్చు పెట్టగలం అన్నది అందులో ఉండాలి. ఆ పేజీ రాయలేకపోతే సలహాదారును పిలిచే సమయం ఇంకా రాలేదని అర్థం.

(ఆ) కనీసం ముగ్గురితో మాట్లాడాలి. గతంలో వారు పని చేసిన చోటికి ఫోను చేసి, “ఆయన వెళ్లాక ఆ పని నడుస్తోందా?” అని అడగాలి.

(ఇ) తక్కువ ధర ఒక్కటే చూడరాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు–2017లో నాణ్యతను, ధరను కలిపి చూసే పద్ధతి ఉంది. అందులో నాణ్యతకు 80 శాతం మార్కులకు మించి ఇవ్వరాదు. అంటే ధరను పూర్తిగా మరచిపోకూడదు, ధరకే లొంగిపోకూడదు.

(ఈ) ఏ సాఫ్ట్‌వేరు కంపెనీ నుంచీ కమీషను తీసుకోనని రాయించుకోవాలి. స్వతంత్రతకు ఇదే అసలు పరీక్ష.

(ఉ) ఫీజును విడతలుగా, పూర్తయిన పనిని బట్టి ఇవ్వాలి. ఆఖరి విడత మన మనుషులకు పని నేర్పిన తర్వాతే ఇవ్వాలి.

(ఊ) సలహాదారు ప్రాజెక్టును నడిపిస్తుంటే వారానికొక సమావేశం పెట్టి, సంఘం తరఫున ఒక వ్యక్తిని ఆయన పక్కన ఉంచాలి. కొనటం, ఆపటం అన్న రెండు నిర్ణయాలు సంఘం చేతిలోనే ఉండాలి.

(ఋ) సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, రాబడి వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో ముందే తేల్చుకోవాలి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఆ వివరాలు మన సభ్యులవి. కంపెనీ సొత్తు కావు.

ముగింపు

‘ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న’ అని సామెత. సలహాదారు విషయంలో కృతజ్ఞత ఉండాలి గానీ, ప్రతి ఏరుకూ మళ్లీ ఆయన్నే పిలవవలసిన స్థితి ఉండకూడదు. మన పిల్లవాడు ఒకడు ఓడ నడపటం నేర్చుకున్నప్పుడే ఇచ్చిన ఫీజుకు ఫలితం దక్కినట్టు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కంప్యూటరుతో పాటు లెక్క రాయటం, ప్రశ్న అడగటం, ఒప్పందాన్ని చివరి పంక్తి దాకా చదవటం నేర్చుకోండి. మీరు చదువుకుని ఊరికి వెళ్లిన రోజున, ఏమీ అమ్మకుండా నిజం చెప్పే సలహాదారు ఆ ఊరికి దొరకాలి. మన ఇళ్లల్లో లేని ఆ బాబాయి స్థానం మనమే భర్తీ చేయాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.