తగిరెంచయా? కసివిందయా?

తొలకరి వానలు పడినంతనే చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతపు గ్రామములలో చేలగట్లు, బాటల పక్కలు పచ్చబడును. విత్తకయే మొలచు గునుగు, పొన్నగంటి, గంగవాయిలి కూరలు మన ఇండ్లకు కొత్తవి కావు. తగిరెంచ లేత ఆకును కూడ ఏరి తెచ్చి వండుకొందురు. ఖర్చులేని ఈ కూరలను మానుకొనుమని మేము చెప్పుట లేదు. కాని తగిరెంచ మొలచిన చోటనే దానికి దాయాది యగు కసివిందయు మొలచును. రెండింటికిని పసుపుపచ్చని పూలే. కసివింద గింజలు మాత్రము విషము.

2016లో ఒడిశా రాష్ట్రములోని మల్కనగిరి జిల్లాలో అనేకమంది పసిపిల్లలు మరణించిరి. మెదడువాపు వ్యాధియే కారణమని మొదట తలచిరి. తరువాత నిపుణులు పరిశీలించి, కసివింద గింజలు తినుటయు ఒక కారణమని తేల్చిరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోరు ప్రాంతపు పిల్లల జబ్బుకును ఈ గింజలకును గల సంబంధమును 2007లోనే వైద్యులు ప్రకటించిరి.

రెండింటిని వేరుపరచుట కష్టము కాదు. ఒక ఆకుకాడను చేతబట్టి దానిపై చిరుటాకుల జతలను లెక్కింపవలెను. తగిరెంచకు సాధారణముగా మూడు జతలే. చిరుటాకు కొన గుండ్రముగా నుండును. కసివిందకు నాలుగు మొదలు ఆరు జతలుండును. కొన మొనదేలి యుండును. తగిరెంచ కాయ సన్నగా, జానెడు పొడవున కొడవలివలె వంగియుండును. కసివింద కాయ నాలుగైదు అంగుళముల పొడవుతో బల్లపరుపుగా నుండును. సందేహము కలిగిన ఆకును వండరాదు. ఏ మొక్కదైనను పచ్చి గింజలను పిల్లలను తిననీయరాదు.

వానకాలము ముగియు దినములలో కాయలు కాచును. పిల్లలు ఆటలలో వాటిని వలిచి తినుట కలదు. ఆ తరువాత వాంతులు, మగత, మూర్ఛ కనిపించినచో గాలి సోకినదని మంత్రములకై కాలయాపన చేయరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. పిల్లవాడు తిన్న కాయను, కొమ్మను కూడ వైద్యునికి చూపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని యొకటి గలదు. బడి, అంగన్‌వాడీ పరిసరములలోని కసివిందను పూత రాకమునుపే వేళ్ళతో పెరికించవలెను. కూరలెరిగిన పెద్దమ్మ నొకరిని బడికి పిలిచి, రెండు మొక్కలను పక్కపక్కన ఉంచి పిల్లలకు చూపింపవలెను. ఒక్క పూట చెప్పిన ఈ పాఠము ఒక ప్రాణమును నిలుపవచ్చును.