పాఠం 12. ఉత్కంఠ నవల: ప్రమాదం, ప్రేమ, విశ్వాసం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అపరాధ పరిశోధన నవలకు, ఉత్కంఠ నవలకు గల తేడా చెప్పగలుగుతారు.
• ఒక నవలలో అల్లుకున్న మూడు కథలను విడదీసి గుర్తించగలుగుతారు.
• చదివిన కథను మన దేశ పరిస్థితులతో పోల్చగలుగుతారు.

12.1 ప్రస్తావన

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ ఊరి పూరీ గేట్ ప్రాంతంలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటాయన రాత్రి డ్యూటీకి వెళ్ళాడు. తెల్లవారింది. రావలసిన వేళ దాటిపోయింది. భార్య టీ గిన్నె పొయ్యి మీద పెట్టింది, దించింది, మళ్ళీ పెట్టింది. వీధిలో సైకిల్ గంట వినిపించినప్పుడల్లా గుమ్మంలోకి వస్తోంది.

ఇంకా ఏమీ జరగలేదు. అయినా ఆమె మనసు నిలవదు. "ఏమవుతుందో" అనే ఈ ఆదుర్దానే ఉత్కంఠ అంటారు.

12.2 రెండు రకాల నవలలు

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెలుగువారికి సుపరిచితాలు. యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు కలిసి నేరస్థుణ్ణి పట్టుకుంటారు. ఇటువంటి అపరాధ పరిశోధన నవలలో నేరం సాధారణంగా ముందే జరిగిపోతుంది. "ఎవరు చేశారు?" అన్నది పాఠకుని ప్రశ్న.

ఉత్కంఠ నవలలో ప్రమాదం ఇంకా ముందుంది. హంతకుడెవరో మనకు తెలిసినా కథ ఆగదు. "వీరు బతికి బయటపడతారా?" అన్నది ఇక్కడి ప్రశ్న.

12.3 ఒక ఉదాహరణ

అమెరికాలో క్రైస్తవ విశ్వాసం నేపథ్యంగా గల ఉత్కంఠభరిత ప్రేమ నవలలు ఒక ప్రత్యేక శాఖగా పెరిగాయి. డీ హెండర్సన్ అనే రచయిత్రి 2001లో ప్రచురించిన 'ద గార్డియన్' అలాంటిదే. ఒక న్యాయమూర్తి హత్యకు గురవుతాడు. దానికి ఒకే ఒక సాక్షి షారీ. హంతకుడు ఆమెనూ చంపాలని చూస్తుంటాడు. ఆమెను కాపాడే పని ఫెడరల్ ప్రభుత్వ అధికారి మార్కస్ ఓమల్లీది. ఫెడరల్ ప్రభుత్వం అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం.

ఇందులో మూడు కథలు నడుస్తాయి.
(అ) ప్రమాదం: సాక్షితోపాటు కాపాడేవారి ప్రాణాలకూ ముప్పు ఉంది.
(ఆ) ప్రేమ: కాపాడవలసిన మనిషి మీదనే మార్కస్‌కు మనసవుతుంది. ప్రేమ వల్ల ఏమరుపాటు కలగవచ్చు. ఏమరుపాటు వల్ల ప్రాణం పోవచ్చు.
(ఇ) విశ్వాసం: ప్రార్థించినా జరగరానిది జరిగితే దేవుణ్ణి ఎలా నమ్మాలి?

మూడవ ప్రశ్న ఒక మతం వారిది మాత్రమే కాదు. ఆసుపత్రి వరండాలో మొక్కుకున్న ప్రతి మనిషీ ఈ ప్రశ్నను ఎరుగును. ఇటువంటి నవలలో మంచి చెడు తేల్చడానికి ఒక గుర్తు ఉంది. విశ్వాసం గురించిన మాటలు తీసివేసినా కథ మారకపోతే అవి అతికించినవే. వాటి వల్ల పాత్ర ఒక నిర్ణయం తీసుకుంటే అవి కథలో భాగం.

12.4 మన దేశంలో

మన దేశంలో కేంద్ర దర్యాప్తు సంస్థ అయిన సి.బి.ఐ. 1963లో ఏర్పడింది. సాక్షుల భద్రతకు ప్రత్యేక పథకం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 'సాక్షుల రక్షణ పథకం, 2018'ని సుప్రీంకోర్టు అదే సంవత్సరం డిసెంబరులో ఆమోదించింది. దీని ప్రకారం, బెదిరింపులకు గురైన సాక్షి రక్షణ కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన గల కమిటీ దానిని పరిశీలిస్తుంది. నిజం చెప్పడానికి ధైర్యం ఒక్కటే చాలదు, అండ కూడా కావాలి. నవల చెప్పేదీ ఇదే.

పాఠగత ప్రశ్నలు
1. ఉత్కంఠ నవలలో పాఠకుని ముఖ్య ప్రశ్న ఏమిటి?
2. మార్కస్‌కు ప్రేమ ఎందుకు ప్రమాదకరం?
3. పూరీ గేట్ ఇంటి సన్నివేశాన్ని ఐదు వాక్యాలలో కొనసాగించండి. ఆయన వచ్చాడో లేదో చివరి వాక్యం వరకు చెప్పకండి.

జవాబులు
1. పాత్రలు ప్రమాదం నుంచి బయటపడతాయా అన్నది.
2. ఏమరుపాటు కలిగి, కాపాడవలసినవారి ప్రాణానికే ముప్పు రావచ్చు.
3. మీ సొంత మాటల్లో రాయండి. రాసినది ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. "తరువాత ఏమైంది?" అని వారు అడిగితే మీరు ఈ పాఠం నేర్చుకున్నట్లే.