మీ పిల్లల మాట వింటున్నది ఎవరు?

ఉగ్రవాది అంటే కూటికి లేనివాడో, చదువు అబ్బనివాడో అనుకుంటాం. ఆ నమ్మకంతోనే మన ఇంటికి ఆ బెడద రాదని ధీమాగా ఉంటాం. మార్క్ సేజ్‌మన్ అనే మానసిక వైద్యుడు అల్‌ఖైదా, దాని అనుబంధ ముఠాల్లో చేరిన 172 మంది జీవితాలను పరిశీలించి 2004లో పుస్తకం రాశారు. వాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతి వాళ్లు, చదువుకున్నవాళ్లు. మూడింట రెండొంతుల మందిని అటు నడిపించింది అంతకుముందే ఉన్న స్నేహాలు. సిద్ధాంతం వంటబట్టింది ఆ తర్వాతే. మరో సంగతి: చాలామంది ఆ దారి పట్టింది పుట్టి పెరిగిన దేశంలో కాదు, చదువుకో ఉద్యోగానికో వెళ్లిన పరాయి దేశంలో. పిల్లల్ని పైచదువులకు విదేశాలకు పంపుతున్న మనం దీన్ని పట్టించుకోవాలి.

ఇదేదో ఒక మతానికే అంటుకున్న జబ్బు కాదు. 2011 జూలై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు వలస వచ్చినవాళ్ల మీద, ముస్లింల మీద ద్వేషం నింపుకున్నవాడు. అంతకు కొన్నేళ్ల ముందు తల్లి ఇంటికి తిరిగొచ్చి, నెలల తరబడి గది తలుపు వేసుకుని వీడియో గేముల్లో మునిగిపోయాడు. ఒంటరిగా ఉండే పిల్లలంతా అలా అవుతారని కాదు, ఎక్కువమంది కారు. కానీ ఒంటరితనం, అవమానం, కోపం మూడూ కలిసినచోట వల వేసేవాడికి పని సులువు. వాడు మొదట ఆయుధం చూపించడు. అర్ధరాత్రి దాకా ఓపిగ్గా వింటాడు, తమ్ముడూ అని పిలుస్తాడు. నీ కోపం న్యాయమైందే అంటాడు, నీవల్ల కావాల్సిన పెద్ద పని ఒకటుందంటాడు. మార్కుల గురించి తప్ప ఏమీ అడగని ఇంట్లో పెరిగిన కుర్రాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి.

పిల్లాడు గడ్డం పెంచాడనో, పూజలు ఎక్కువ చేస్తున్నాడనో కంగారుపడొద్దు. భక్తి ప్రమాదం కాదు. పాత స్నేహితుల్ని ఒక్కసారిగా వదిలేస్తే, ఇష్టమైన ఆట, పాట మానేస్తే, లోకాన్ని మనవాళ్లు, శత్రువులు అని రెండుగా చీల్చి మాట్లాడుతుంటే, ఫలానావాళ్లు చస్తే పీడా పోయిందంటుంటే అప్పుడు కదలండి. ఫోన్ లాక్కుని, నాలుగు తగిలించి ఊరుకుంటే మిగిలిన ఆ కాస్త మాటా తెగిపోతుంది. వాదనకు దిగకండి. “ఎవరికి అన్యాయం జరిగిందని నీకింత బాధ?” అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి. బాధలో నిజముంటే ఒప్పుకోండి. దానికి రక్తం చిందించని దారులేమున్నాయో కలిసి వెతకండి.

డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరం నుంచి 2013లో దాదాపు ముప్పై మంది యువకులు అక్కడి యుద్ధంలో చేరడానికి సిరియాకు వెళ్లారు. ఆర్హస్ పోలీసులు తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడారు. అటు మొగ్గిన కుర్రాళ్లకు తోడుగా ఒక్కో పెద్దమనిషిని పెట్టారు, చదువుకో ఉద్యోగానికో సాయం చేశారు. మరుసటి ఏడాది వెళ్లినవాళ్లు ఒకరిద్దరే. అలాగని ఒక్కసారి నచ్చజెప్పి వదిలేస్తే సరిపోదు. 2014లో సిరియాకు బయల్దేరిన కొందరు హైదరాబాద్ కుర్రాళ్లను బెంగాల్‌లో ఆపి, కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు. వాళ్లలోంచే మళ్లీ బయల్దేరినవాళ్లు 2015 డిసెంబరులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో పట్టుబడ్డారు.

అందుకే, అనుమానం వస్తే పరువు పోతుందని దాచకండి. మీ బిడ్డ గౌరవించే మేనమామకో, మాస్టారికో, మంచి మానసిక నిపుణుడికో చెప్పండి. ప్రయాణానికి సిద్ధమవుతున్నాడనిపిస్తే పోలీసులకే చెప్పండి. కేసు అవుతుందేమోనని వెనకాడొద్దు, బిడ్డ ప్రాణంతో పాటు మరెవరి బిడ్డల ప్రాణాలో కూడా అందులో ఉన్నాయి.