కర్ణుల ఉత్తరాలే ఎక్కువ

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ నాకు కర్ణుడంటే ప్రాణం. ఇంట్లో ఎంత చేసినా గుర్తింపు లేదు, అమ్మకు తమ్ముడే ముద్దు. ఆఫీసులో కష్టం నాది, ప్రమోషన్ ఇంకొకరిది. యూంగ్ మనస్తత్వశాస్త్రం మీద ఉపన్యాసాలు విన్నాక నా జీవితానికి మూలకథ కర్ణుడిదేనని తెలిసింది. ఆ కథలోంచి నన్ను నేను తెలుసుకోవడం ఎలా?
— ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ శీర్షికకు కర్ణులు చాలామంది రాస్తారు. దుశ్శాసనుడి దగ్గర్నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క ఉత్తరం రాలేదు. మన అనుమానం అక్కడే మొదలవ్వాలి.

మీ మనసులో ఉన్నది 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్. అద్భుతమైన కర్ణుడే, కాదనను. కానీ వ్యాసుడి కర్ణుడు అంత సులువుగా మింగుడుపడడు. సభాపర్వం తీయండి. నిండుసభలో ద్రౌపదిని అనరాని మాట అన్నదీ, ఆమె బట్టలూ పాండవుల బట్టలూ ఒలిచేయమన్నదీ ఆయనే. కులం పేరుతో నలుగురిలో తలదించుకున్నవాడు, అవమానం రుచి ఆ సభలో అందరికన్నా బాగా తెలిసినవాడు, ఆ పని ఎందుకు చేశాడు? మనలో మనం ఒప్పుకోలేని భాగాన్ని యూంగ్ ‘నీడ’ అన్నాడు. కర్ణుడి నీడ ఆ సభలో లేచి నిలబడింది. మీది ఎక్కడ లేస్తుందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మిమ్మల్ని చిన్నచూపు చూసినవాళ్ల జాబితా ఉంది. మీరు చిన్నచూపు చూసినవాళ్ల జాబితా ఏదీ?

ఇక ఉద్యోగపర్వం. రాయబారం చెడ్డాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని జన్మరహస్యం చెబుతాడు. నువ్వు కుంతి పెద్దకొడుకువి, రా, రాజ్యం నీది అంటాడు. గుర్తింపు లేకపోవడమే కర్ణుడి బాధయితే కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. రాధ, అధిరథుడు తనను పెంచారనీ, దుర్యోధనుణ్ణి వదలలేననీ అంటాడు. ఆయన్ను మెప్పించడానికి పాండవులను పరుషంగా అన్న మాటలు ఇప్పుడు తనను కాల్చేస్తున్నాయని కూడా ఒప్పుకుంటాడు. చివర తనకొచ్చిన కల చెబుతాడు: ధర్మరాజు తమ్ముళ్లతో కలిసి వేయిస్తంభాల మేడ ఎక్కుతున్నాడు, అందరూ తెల్లటి బట్టల్లో ఉన్నారు, భీష్మద్రోణులూ దుర్యోధనుడూ తానూ ఒంటెలు కట్టిన బండిలో దక్షిణదిక్కుకు పోతున్నారు. ఏ దిక్కుకు పోతున్నాడో ఆయనకు తెలుసు. తెలిసే వెళ్లాడు.

కర్ణుడి చావుకు కారణాలు లెక్కపెట్టడం మనవాళ్లకు సరదా. శాపాలు, కుంతి, శల్యుడు, ఇంద్రుడు. ఆ రథం మీద ఆయన తనంతట తాను ఎంచుకున్నది మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. రేపు మీ అమ్మగారు ‘నువ్వే నా పెద్దదిక్కువి’ అంటే ఇన్నాళ్ల ఫిర్యాదును కిందపెట్టగలరా? దాన్ని కిందపెట్టాక మీ దగ్గర ఇంకేం మిగులుతుంది? పురాణాన్ని మనసుకు పెట్టి చదవడమంటే ఇదీ. ఇష్టమైన పాత్ర పక్కన నిలబడి ఫొటో దిగడం కాదు. మరో మాట. మీ ఉత్తరంలో కుంతి ఉంది, అర్జునుడున్నాడు, రాధ లేదు. మీకు అండగా నిలిచినవాళ్లెవరో గుర్తుచేసుకుని ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లండి.

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ క్విజ్‌లో నేను గ్రీకు దేవత పెర్సెఫొనీ స్వభావమని వచ్చింది. సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి ఏ దేవుడి స్వభావమో ముందే తెలుసుకోవచ్చా?

జవాబు: అబ్బాయి అప్పులూ, కోపం, వాళ్లమ్మతో మాట్లాడే తీరూ తెలుసుకోండి.

ప్రశ్న: మన పురాణాలను కొలవడానికి స్విట్జర్లాండ్ డాక్టరు కావలసివచ్చాడా అని మా నాన్నగారు కోప్పడుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: సగం న్యాయముందని చెప్పండి. 1938లో యూంగ్ సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాలకు కలకత్తా వచ్చి, విరేచనాలతో ఆస్పత్రిలో పడ్డాడు. తర్వాత అక్కడే ఆయనకు పెద్ద కల వచ్చింది. అందులో శివుడు లేడు, కాళి లేదు. యూరప్ వాళ్ల గాథల్లోని పవిత్రపాత్ర ‘గ్రెయిల్’ ఉంది. మన గడ్డ మీద పడుకుని కూడా ఆయన తన ఇంటి కథే కన్నాడు. నాన్నగారు ఆయన ఇంటి కథలను ఆయనకే వదిలేయవచ్చు. కలతోనూ కథతోనూ ఆయన కూర్చున్న తీరు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. అసలు ఆ కలకత్తాలోనే గిరీంద్రశేఖర్ బోస్ 1922లో మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో ఎదురు వాదించారు. పురాణాల మీద బెంగాలీలో పుస్తకమూ రాశారు. ఈ పని మనవాళ్లకు కొత్తేం కాదు.

ప్రశ్న: రాత్రుళ్లు పీడకలలు, నెలల తరబడి నిద్ర లేదు. యూంగ్‌ను ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?

జవాబు: మామూలు పాఠకుల కోసం ఆయన చివరి రోజుల్లో పూనుకున్న ‘మ్యాన్ అండ్ హిజ్ సింబల్స్’ ఉంది. అయితే అది తర్వాత. నెలల తరబడి నిద్ర లేనివారు ముందు సైకియాట్రిస్టును కలవాలి. ఈ వారమే వెళ్లండి.