స్కూటరుకు తుంపర రంగు

మా నాన్నగారి స్కూటరు మా అక్కయ్యగారి వసారాలో ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. ఆయన పోయాక దాన్ని అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడికి ఉత్సాహం పుట్టింది. నీలం రంగు స్ప్రే డబ్బాలు రెండు కొనుక్కొచ్చి, గంటలో స్కూటరంతా కొట్టేశాడు. సాయంత్రానికి అది పెళ్ళికొడుకులా మెరిసింది. శ్రావణమాసం వచ్చేసరికి మడ్‌గార్డు మీద రంగు బొబ్బలెక్కింది. గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. కింద చూస్తే ఎర్రని తుప్పు!

"మామయ్యా, నాకు నకిలీ రంగు అంటగట్టారా?" అన్నాడు వాడు ఏడుపు ముఖంతో.

రంగు మంచిదే. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందుగా ఆ డబ్బా సంగతి తెలుసుకోవాలి.

డబ్బా లోపల

డబ్బాను ఊపితే టకటకమని చప్పుడవుతుంది కదా! లోపల చిన్న గోళీ ఉంటుంది. రంగునిచ్చే పొడి ద్రవంలో కరగదు. నీళ్ళలో కలిపిన పసుపులాగే కొంతసేపటికి అడుగున పేరుకుంటుంది. దాన్ని మళ్ళీ కలపడమే గోళీ పని. అందుకే రెండు నిమిషాలైనా ఊపమంటారు. మావాడు నాలుగుసార్లు ఊపి సరిపెట్టాడట.

మరి రంగును బయటికి నెట్టేది ఏది? సైకిలు ట్యూబులో లాగా గాలి కూరారనుకుంటారు చాలామంది. అలా చేస్తే వాడేకొద్దీ పీడనం తగ్గిపోయి, సగం డబ్బా అయ్యేసరికి తుంపర నీరసించిపోతుంది. నిజానికి లోపల ఉన్నది ఒత్తిడితో ద్రవంగా మార్చిన వాయువు. మీ వంటింటి గ్యాసు సిలిండరులో ఉండే బ్యూటేన్, ప్రొపేన్ వంటివే ఇందులోనూ వాడతారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ బ్యూటేన్ పైన ఆవిరి పీడనం సుమారు 2 అట్మాస్ఫియర్లు. ప్రొపేన్ అయితే 8కి పైగా. రెండింటినీ తగు పాళ్ళలో కలిపి కావలసిన పీడనం తెచ్చుకుంటారు. మీట నొక్కినప్పుడు కొంత రంగు బయటికి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి కొంత ద్రవం ఆవిరవుతుంది. కనుక చివరి దాకా పీడనం ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

ఈ ద్రవం రంగులో కూడా కలిసి ఉంటుంది. సన్నని రంధ్రం దాటి బయటపడగానే ఒక్కసారిగా మరిగి, రంగును వేలాది తుంపరలుగా చీల్చివేస్తుంది. తలతన్యత ఒక్కొక్క తుంపరను గుండ్రని బిందువుగా చుడుతుంది.

ఆగకుండా రంగు కొట్టి డబ్బాను తాకి చూడండి, చల్లగా ఉంటుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని డబ్బా నుంచే తీసుకుంటుంది. మీరు చదువుకున్న బాష్పీభవన గుప్తోష్ణం ఇదే! డబ్బా చల్లబడితే పీడనం తగ్గి తుంపర ముతకబడుతుంది. కాసేపు ఆగితే సరి. అంతేగాని వేడి చేయాలని పొయ్యి దగ్గర పెట్టరాదు. 50 డిగ్రీలు దాటనీయవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో తలుపులు మూసి ఎండలో ఉంచిన కారు లోపల అంత వేడి పుట్టడం కష్టమేమీ కాదు.

తుంపర డబ్బాకు 1927లోనే నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్ పేటెంటు పొందాడు. అందులో రంగు నింపినది మాత్రం 1949లో అమెరికాలో రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సీమోర్. ఆ సలహా ఇచ్చినది ఆయన భార్య బోనీ! తరువాత చాలా కాలం ఈ డబ్బాలలో మంట అంటుకోని క్లోరోఫ్లోరోకార్బన్లు వాడారు. అవి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో వాటి వాడకం క్రమంగా ఆగిపోయింది. వాటి స్థానంలో వచ్చిన వాయువులు ఓజోన్‌ను పాడుచేయవు గాని నిప్పును చూస్తే భగ్గుమంటాయి. పైగా అవి గాలికన్నా బరువు కనుక నేలను పట్టుకొని పాకుతాయి. దోమల చుట్ట, అగరువత్తి కూడా దగ్గరలో ఉండకూడదు.

తుప్పు సంగతి

మావాడు తుప్పును తుడవకుండా దాని మీదే రంగు కొట్టాడు. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది. పైగా తుప్పు గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. కనుక రంగు కింద అది పెరుగుతూనే పోయి, పైపొరను లేపివేసింది.

ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసే దాకా రుద్దాలి. కాగితం వెనుక అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. తుప్పుకు 120, తరువాత నునుపు చేయడానికి 400 అంకె గల నీటి కాగితం వాడాము. పాత రంగు గట్టిగా ఉన్నచోట ఊడగొట్టనక్కరలేదు. మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. ఆ సన్నని గీతలలోకి కొత్త రంగు దిగి పట్టుకుంటుంది. ఆపైన సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక థిన్నరు తడి గుడ్డతో తుడవాలి. తుడిచాక వేలు పెట్టకండి! వేలి జిడ్డు చాలు, అక్కడ రంగు పట్టదు.

దీని మీద ముందుగా ప్రైమరు. మనవైపు కిటికీ ఊచలకు పూసే రెడ్ ఆక్సైడ్ చూసే ఉంటారు. అందులోని ఎరుపు ఫెర్రిక్ ఆక్సైడ్ పొడి. అనగా తుప్పుకు దగ్గరి చుట్టమే! తుప్పును ఆపడానికి తుప్పు చుట్టాన్ని పూయడమేమిటి? ఆ పొడిలోని ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది. ఇక తుప్పు పట్టవలసినది ఏమీ లేదు. రెజిన్‌లో బిగిసిపోయి, తేమకు అడ్డుగా నిలుస్తుంది.

ఆముదం ప్రయోగం

స్టీలు పళ్ళెం మీద ఒకచోట ఆముదం పలుచగా రాయండి, పక్కనే మందంగా రాయండి. పళ్ళేన్ని గోడకు నిలబెట్టండి. పలుచని పొర ఇంచుమించు కదలదు. మందపు పొర ధారలు కడుతుంది. పొర మందం రెండింతలైతే పైభాగం జారే వేగం నాలుగింతలవుతుంది. కిందికి జారే ద్రవం మొత్తం ఎనిమిదింతలు! ఒకేసారి దట్టంగా కొట్టిన రంగు కన్నీళ్ళలా కారడానికి కారణమిదే. కనుక పలుచని పూతలు మూడు నాలుగు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది.

డబ్బాను జానెడు పైన, సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పట్టాలి. మరీ దగ్గరైతే కారుతుంది. మరీ దూరమైతే బిందువులు దారిలోనే ఆరి, గరుకుగా అతుక్కుంటాయి. రేకు అంచుకు బయట మీట నొక్కి, అవతలి అంచు దాటాకే వదలాలి.

వానాకాలం దీనికి పనికిరాదు. సూది వేసే ముందు స్పిరిటు రాస్తే చెయ్యి చల్లబడినట్లే, ద్రావణి ఆవిరయ్యే కొద్దీ రంగు పూత చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది చన్నీళ్ళ గ్లాసు మీద చెమటలా పూత మీద చేరి, రంగు పాలిపోతుంది.

అందుకని సంక్రాంతి సెలవుల దాకా ఆగాము. ఎండ కాస్త ఎక్కాక, పెరట్లో, గాలి తగ్గినప్పుడు, ముఖానికి మాస్కులు కట్టుకొని పని చేశాము. గుడ్డ మాస్కు రంగు బిందువులను ఆపుతుందేగాని ద్రావణి ఆవిరిని ఆపలేదు. అందుకే గదిలో ఈ పని చేయరాదు. పెద్దవారి తోడు లేకుండా అసలే వద్దు. దీపం, నంబరు ప్లేటు, టైర్లకు పాత పేపరు చుట్టి టేపు అంటించాము. రంగు మళ్ళీ నీలమే. వేరే రంగైతే రిజిస్ట్రేషను పత్రంలో మార్పించుకోవాలి.

ఆ మధ్యలో ఒక చిక్కు వచ్చింది. వేసవిలో వాడిన ఖాళీ డబ్బాలను మావాడు పాత బుట్టలతోబాటు భోగిమంట కుప్పలో పడేశాడు! ఖాళీ అన్నా లోపల వాయువు మిగిలే ఉంటుంది. మంటలో పడితే తుపాకీ గుండులా పేలుతుంది. ముందురోజు రాత్రే నా కంటబడ్డాయి గనుక తీసివేశాము.

పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి కొద్ది క్షణాలు నొక్కాలి. అప్పుడు గొట్టం కొన ద్రవంలో ఉండదు. వట్టి వాయువే వచ్చి రంధ్రాన్ని శుభ్రం చేస్తుంది.

స్కూటరు ఇప్పుడు బాగుంది. ఒక్క మచ్చ తప్ప. వారం తిరక్కుండా పెట్రోలు పోస్తుంటే కొంత తొణికి పక్క రేకు మీదికి జారింది. ఆ దారంతా రంగు మెత్తబడి ముడతలు పడింది. మేము వాడిన రకం రంగు ద్రావణి ఆరిపోవడం వల్ల మాత్రమే గట్టిపడుతుంది. మళ్ళీ ద్రావణి తగిలితే మళ్ళీ కరుగుతుంది. పెట్రోలూ దానికి ద్రావణే. ఫ్యాక్టరీలో కొలిమి వేడికి కాల్చిన రంగుకు ఆ భయం లేదు. మావాడు ఆ ఒక్క రేకును మళ్ళీ ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.