కంటి కండ ఆపరేషన్ తరువాత కన్నీరు ఎలా ఉంటుంది?

"కండ తీయించాము, అయినా కన్ను మండుతోంది, నీరు కారుతోంది. ఆపరేషన్ పాడైందా సిస్టర్?" రోగి వెంట వచ్చినవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈ భయంతోనే కొందరు చుక్కల మందు మధ్యలో మానేస్తారు. అలా చేయకుండా ఉండాలంటే కండకూ కన్నీటికీ ఉన్న సంబంధం మీకు తెలియాలి.

సాధారణంగా ముక్కు వైపు నుండి నల్లగుడ్డు మీదికి మూడు మూలల ఆకారంలో పాకే కండను డాక్టర్లు టెరీజియం అంటారు. ఇది శుక్లం కాదు, క్యాన్సర్ కాదు. ఎండలో, దుమ్ములో, గాలిలో ఏళ్ల తరబడి పనిచేసేవారికి ఎక్కువగా వస్తుంది. చిన్నదిగా ఉండి చూపుకు అడ్డు రాకపోతే ఆపరేషన్ అక్కరలేదు.

కన్నీరు ఏడ్చినప్పుడు మాత్రమే ఉండేది కాదు. రెప్ప వేసినప్పుడల్లా అది కంటి మీద పల్చని పొరగా పరచుకుంటుంది. కంటి పైన ఉన్న గ్రంథి నుండి నీరు, రెప్పల అంచు నుండి నూనె, తెల్లగుడ్డు పై పొర నుండి జిగురు వచ్చి అందులో కలుస్తాయి. కండ పెరిగిన చోట కన్ను ఎగుడుదిగుడు అవుతుంది, వాపు ఉంటుంది, జిగురు ఇచ్చే పొర మామూలుగా ఉండదు. అందువలన కన్నీటి పొర త్వరగా చిట్లిపోతుంది. అప్పుడు కన్ను మండి, గ్రంథి ఒక్కసారిగా నీరు వదులుతుంది. ఆ నీరు తామరాకు మీద నీటిలా జారిపోతుందే గాని నిలవదు. కారుతున్న కన్ను కూడా పొడి కన్నే కావచ్చు!

దీనికి రెండు పరీక్షలు ఉన్నాయి. కింది రెప్పలో సన్నని కాగితం ముక్క పెట్టి, 5 నిమిషాలలో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. రెండవదానిలో రంగు మందు వేసి, రెప్ప వేశాక కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కిస్తారు. 10 సెకన్లలోపే చిట్లితే పొర బలహీనంగా ఉన్నట్టు. కండ తీశాక చాలామందిలో ఈ రెండవ పరీక్ష కొన్ని వారాల నుండి రెండు మూడు నెలలలో మెరుగవుతుంది. కాగితం పరీక్షలో మాత్రం పెద్ద మార్పు ఉండదు, ఎందుకంటే ఆపరేషన్ నీటి గ్రంథిని ముట్టుకోదు. వయసు వలన గాని, కీళ్లవాతం వలన గాని గ్రంథిలోనే నీరు తగ్గినవారికి కండ తీసినా కన్నీటి చుక్కలు అవసరమే. ఈ మాట ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

మొదటి వారాలు మాత్రం ఓపిక పట్టాలి. కండ తీసిన చోట అదే కంటి పై రెప్ప కింది పల్చని పొరను తెచ్చి కుట్లతో గాని జిగురుతో గాని అతికిస్తారు. అంటే ఒకే కంటిలో రెండు పుండ్లు మానాలి. ఇసుక పడినట్టు గరగర, ఎరుపు, నీరు కారడం అప్పుడు సహజం. ఇలా పొర అతికిస్తే కండ తిరిగి పెరిగే అవకాశం బాగా తగ్గుతుంది. తిరిగి పెరిగితే కన్నీటి పొర కూడా మళ్లీ పాడవుతుంది.

ఇంటికి రెండు మూడు సీసాలు ఇస్తారు. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలను చీటీలో రాసిన ప్రకారం మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. తరువాత కన్ను ఎర్రబడిందని పాత చీటీతో దుకాణంలో కొని వేయకండి. దాని వలన కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే చూపు నరం దెబ్బతినవచ్చు. చదవలేని పెద్దవారికి ఆ సీసాకు ఎర్ర దారం కట్టి ఇవ్వండి. ఒక చుక్కకూ మరో చుక్కకూ 5 నుండి 10 నిమిషాలు వ్యవధి ఉండాలి. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం కంటిలో వేయకూడదు. చల్లగా ఉంటుందని ఎవరు చెప్పినా సరే. పొయ్యి పొగకు, ముఖానికి ఎదురుగా తిరిగే ఫ్యానుకు దూరంగా ఉంచండి. బయటికి వెళితే నల్ల కళ్లద్దాలు పెట్టించండి.

మంట రోజురోజుకూ తగ్గాలి. అలా కాక నొప్పి పెరిగినా, పుసి ఎక్కువైనా, చూపు మసకబారినా, అతికించిన పొర జరిగినట్టు కనిపించినా కార్డు మీద రాసిన తేదీ వరకు ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.