ప్రతి అంకె పక్కనా ఒక కారణం

చి. బుజ్జికి,

మహమ్మారి వేళ ప్రయాణ నిబంధనల గురించి నువ్వు పంపిన ముసాయిదా మొదట గబగబా, తర్వాత పెన్సిలు పట్టుకుని చదివాను. మార్జిన్లలో గీతలు ఎక్కువే పడ్డాయి, ఏమీ అనుకోకు. కమిటీలో అందరికంటే చిన్నదాన్ని, నోరు విప్పాలంటే మొహమాటంగా ఉంటోందని రాశావు. ఇలాంటి కాగితాలు రాసే పని ఎప్పుడూ చిన్నవాళ్ళ నెత్తినే వేస్తారమ్మా. రేపు ఇంకో మహమ్మారి వస్తే రాత్రికి రాత్రి అందరూ వెతుక్కునేది నువ్వు రాసిపెట్టిన ఈ పేజీలే.

ముందు బాగున్నదాని గురించి చెబుతాను. ఎల్లో ఫీవర్ నిబంధనని నమూనాగా తీసుకున్నావు, మంచి పని చేశావు. నేను రేవులో పనిచేసినన్నాళ్ళూ పెద్దగా గొడవ రాని నిబంధన అదే. ఆ జబ్బు మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం వీధివీధినా ఉంది. అందుకని ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో ఆ జబ్బున్న ప్రాంతాల నుంచి వచ్చేవాళ్ళ దగ్గర పసుపు కార్డు ఉండాలంటాం. టీకా వేయించుకున్న పది రోజులకి కార్డు చెల్లుబాటవుతుంది. కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్. ఆరే ఎందుకంటే, ఆ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది కాబట్టి. మంత్రిగారి బావమరిదైనా, ఓడలో వంటవాడైనా అవే ఆరు రోజులు. టీకా ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలునని తేలాక, 2016లో కార్డు గడువుని పదేళ్ళ నుంచి జీవితకాలానికి మార్చారు. శాస్త్రం కదిలింది, దాని వెనకే నిబంధనా కదిలింది.

ఓడల సంగతీ అంతే. కెప్టెన్ ఏ రేవుకి వెళ్ళినా నింపాల్సిన ఆరోగ్య ప్రకటన పత్రం ఒకటే నమూనాలో ఉంటుంది. దారిలో ఎవరైనా పోయారా, జ్వరాలొచ్చాయా, ఇంతకుముందు ఏయే రేవుల్లో ఆగారు అని సింగపూర్‌లో అడిగేవే విశాఖలోనూ అడుగుతాం. ఏం అడుగుతారో ముందే తెలుసు కనక కెప్టెన్ కాగితాలు సిద్ధం చేసుకునే వస్తాడు.

కరోనా వచ్చేసరికి ఈ పాత అలవాటు గాలికి పోయింది. నీ ముసాయిదాలో నాకు నచ్చని మొదటి సంగతి ఆ రోజుల నుంచి వచ్చిందే: ఎర్ర దేశాలు, పసుపు దేశాలు, ఆకుపచ్చ దేశాలు. జాబితా ఎప్పుడూ నిన్నటిదే అయి ఉంటుంది బుజ్జీ. 2020 ఫిబ్రవరిలో మన విమానాశ్రయాల్లో చైనా, సింగపూర్, థాయిలాండ్, జపాన్ లాంటి కొన్ని దేశాల విమానాలనే చూస్తున్నారు. దుబాయ్ ఆ జాబితాలో లేదు. మార్చి 2న బయటపడ్డ హైదరాబాద్ తొలి కేసు ఆఫీసు పనిమీద దుబాయ్ వెళ్ళి, బెంగళూరులో దిగి, అక్కణ్ణుంచి బస్సులో ఇంటికి చేరిన కుర్రాడిది. అక్కడ అతను హాంకాంగ్ వాళ్ళతో కలిసి పనిచేశాడని అప్పుడే పేపర్లలో వచ్చింది. అన్ని అంతర్జాతీయ విమానాల ప్రయాణికుల్నీ చూడడం మొదలైంది మార్చి 4న.

మనవాళ్ళలో చాలామంది డాలస్ నుంచి వచ్చినా లండన్ నుంచి వచ్చినా దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారి వస్తారు. వాళ్ళది ఏ రంగు దేశం? ఏ విమానంలో వచ్చారు, ఏ పాస్‌పోర్టు అన్న వరసని తీసెయ్యి. గడిచిన పద్నాలుగు రోజులూ ఎక్కడెక్కడ ఉన్నారు, ఎవరికైనా జబ్బు చేసిందా అని అడుగు. ఆ ప్రశ్న అందరికీ ఒకటే. జవాబుని బట్టి చేసే పని మారితే మారనీ. నీ ముసాయిదాలో నిలకడ కావాల్సింది ఆ ప్రశ్నకే. అన్ని దేశాలకీ, అన్ని కాలాలకీ ఒకే శిక్ష రాయమని నేనడగను.

జాబితాకి ఇంకో చెడ్డ గుణం ఉంది. 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కనిపెట్టిన కొత్త రకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకి తెలిపారు. దానికే తర్వాత ఒమిక్రాన్ అని పేరుపెట్టారు. రెండు రోజులు తిరక్కుండానే దేశం వెంట దేశం ఆ ప్రాంతపు విమానాల్ని ఆపేస్తున్నామని ప్రకటించింది. తీరా చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబరు 19న తీసి దాచిన శాంపిల్‌లోనే ఆ రకం దొరికింది. నిజాయతీగా ముందు చెప్పినందుకు దక్షిణాఫ్రికాకి దక్కింది అదీ. జాబితా ఉండి తీరాలని కమిటీ పట్టుబడితే, దేశం అందులోకి ఎక్కడానికి షరతేమిటో, దిగడానికి షరతేమిటో, ఎన్ని రోజులకొకసారి తిరిగి చూస్తారో అయినా రాయించు.

ఇక అంకెలు. నా పెన్సిలు అరిగింది ఇక్కడే. 14 రోజులు అని రాశావు, 72 గంటలు అని రాశావు, ఎనిమిదో రోజు పరీక్ష అని రాశావు. ఏదీ తప్పని నేననను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కదాని పక్కనా లేదు. మొదటి రకం కరోనాలో లక్షణాలు కనిపించడానికి సగటున ఐదు రోజులు పట్టేది, దాదాపు అందరిలోనూ పన్నెండు రోజుల లోపు బయటపడేది, అందుకని 14 అన్నారు. ఒమిక్రాన్‌లో ఆ వ్యవధి సుమారు మూడు రోజులకి తగ్గింది. పద్నాలుగు పక్కన కారణం రాసి ఉంటే, వైరస్ మారినప్పుడు ఏ అంకెని ముట్టుకోవాలో గుమాస్తాకి కూడా తెలుస్తుంది. రాసి లేకపోతే ఆ అంకెని తగ్గించే ధైర్యం ఎవరికీ రాదు, పెంచే ఉత్సాహం మాత్రం అందరికీ ఉంటుంది.

ప్రయాణానికి ముందు చేయించే ఆర్టీపీసీఆర్ మీద నీకు నమ్మకం కాస్త ఎక్కువగా ఉన్నట్టుంది. సోకిన మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆ పరీక్షకి ఏమీ చిక్కదు. సోమవారం శాంపిల్ ఇచ్చి, మంగళవారం పెళ్ళికెళ్ళి అంటించుకుని, బుధవారం నెగటివ్ కాగితం చేతపట్టుకుని విమానమెక్కినవాడు నిబంధన ప్రకారం శుభ్రంగానే ఉన్నట్టు లెక్క. 2020 ఆగస్టులో 96 గంటల లోపు కాగితం ఉంటే సంస్థాగత క్వారంటైన్ నుంచి మినహాయించారు, తర్వాత దాన్ని 72 చేశారు. గంటలు తగ్గిస్తే కొంత మేలే. కానీ దిగాక ఇంట్లో ఉంచి కొన్నాళ్ళకి చేసే పరీక్షకే ఎక్కువ దొరుకుతుంది. 2020 డిసెంబరులో అమెరికావాళ్ళు పరీక్ష లేకుండా పది రోజులు, పరీక్షతో ఏడు రోజులు అని రెండు దారులు పెట్టింది ఈ లెక్క మీదే. 2021 డిసెంబరులో మనం ముప్పున్న దేశాల నుంచి వచ్చినవాళ్ళకి దిగగానే పరీక్ష, ఏడు రోజులు ఇంట్లో, ఎనిమిదో రోజు మళ్ళీ పరీక్ష అన్నాం. మన నిబంధనల్లో నాకు బాగా నచ్చినది అది, దేశాల జాబితాని పక్కన పెడితే.

72 గంటలు అంటే దేనికి ముందు? శాంపిల్ ఇచ్చిన దగ్గర్నుంచా, రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచా? మొదటి విమానం ఎక్కే దాకానా, శంషాబాద్‌లో దిగే దాకానా? దోహాలో విమానం ఆలస్యమైతే ఆ గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? ఇవి రాయకపోతే ఎయిర్‌లైన్ కౌంటరులో కూర్చున్నవాళ్ళు వాళ్ళకి తోచిన అర్థం చెప్పుకుంటారు. తప్పుడు కాగితంతో ఎక్కించుకుంటే తమ మీదకొస్తుందని భయం గనక కఠినమైన అర్థమే చెప్పుకుంటారు.

జబ్బు తగ్గినా వారాల తరబడి పాజిటివ్ అనే చూపించేవాళ్ళు ఉంటారు. వాళ్ళ వల్ల ఎవరికీ అంటదు, అయినా కరోనా రోజుల్లో విమానం ఎక్కనిచ్చేవారు కాదు. వాళ్ళకి దారి నీ ముసాయిదాలో లేదు. మొదట పాజిటివ్ వచ్చిన తేదీతో డాక్టరు సర్టిఫికెట్ ఉంటే చాలని ఒక వాక్యం చేర్చు.

రాష్ట్రాల విషయానికొస్తే, నిబంధనలు చిరిగేది అతుకుల దగ్గరే. రాజ్యాంగంలో రేవుల క్వారంటైన్, అంతర్రాష్ట్ర క్వారంటైన్ కేంద్రం జాబితాలో ఉన్నాయి. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. 2020 మే 25న దేశీయ విమానాలు మళ్ళీ మొదలైనప్పుడు ఎవరి నిబంధన వాళ్ళు పెట్టుకోవచ్చన్నారు. కర్ణాటక ప్రభుత్వం మహారాష్ట్ర, తమిళనాడు, ఢిల్లీ లాంటి ఆరు చోట్ల నుంచి వచ్చేవాళ్ళకి ఏడు రోజుల సంస్థాగత క్వారంటైన్ పెట్టింది. తెలంగాణ మాత్రం, లక్షణాలు లేకపోతే ఇంటికి పొమ్మంది. అంతకు రెండు నెలల ముందు ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది, నీ స్నేహితురాళ్ళు కూడా ఉన్నారుగా హైదరాబాద్ హాస్టళ్ళలో. హాస్టళ్ళు మూసేస్తుంటే హైదరాబాద్ పోలీసులు పాసులిచ్చి పంపారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంటేనే రానిస్తామని ఆంధ్రా వైపు ఆపారు. ఎవరి లెక్కన వాళ్ళు చేసింది సబబే. మధ్యలో రోడ్డు మీద పిల్లలు నిలబడ్డారు. అందుకని కనీస నిబంధన దేశమంతటికీ ఒకటి పెట్టు. రాష్ట్రం దానికి ఏదైనా కలపదలిస్తే ముందుగా నోటీసు ఇచ్చి, ఫలానా తేదీ దాకా అని గడువు పెట్టి కలపాలి. అప్పటికే బయల్దేరినవాళ్ళకి బయల్దేరిన నాటి నిబంధనే వర్తించాలి. ఈ చివరి వాక్యం కోసం అవసరమైతే కమిటీలో పోట్లాడు.

డబ్బు గురించి నువ్వు ఒక్క ముక్కతో సరిపెట్టావు: "ప్రయాణికుడి ఖర్చుతో". 2020 మేలో వచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే మాట. ఏడు రోజులు సొంత ఖర్చుతో సంస్థాగత క్వారంటైన్, ఆపైన ఏడు రోజులు ఇంట్లో. కువైట్‌లో పని పోగొట్టుకుని, జీతం బకాయిలు అక్కడే వదులుకుని వచ్చిన జగిత్యాల మనిషికి అది ఎంత బరువో ఊహించు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో, అంటే 2005 నాటివాటిలో, 40వ అధికరణంలో ప్రయాణికుల దగ్గర క్వారంటైన్‌కి డబ్బు వసూలు చేయకూడదనే ఉంది. ఊరి మేలు కోసం అతన్ని గదిలో పెడుతున్నాం కాబట్టి అద్దె ఊరే కట్టాలని నా అభిప్రాయం. కట్టమంటే దాచేవాళ్ళు పెరుగుతారు. తప్పు చిరునామా రాస్తారు, ఇంకో ఊళ్ళో దిగి బస్సెక్కుతారు. మీ ఆర్థిక సలహాదారు ఒప్పుకోడని తెలుసు, అయినా రాయి. ఆయన కొట్టేస్తే కొట్టేసినట్టు ఫైల్లో ఉంటుంది.

మినహాయింపులు కూడా కాగితం మీదే ఉండాలి. గర్భిణులు, ఇంట్లో చావు, తీవ్రమైన జబ్బు, పదేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులు అని 2020 మే మార్గదర్శకాల్లోనే ఉంది, అలాగే ఉంచు. "సంబంధిత అధికారి విచక్షణ మేరకు" అన్నదాన్ని మాత్రం నేను కొట్టేశాను. విచక్షణ అంటే ఎవరి ఫోను ముందొస్తే వాళ్ళ పని జరగడం.

ఇంగ్లండుతో వచ్చిన తగువు నీ ముసాయిదాలో మంచి ఉదాహరణగా ఉంది. అక్కడ నీతో నాకు పేచీ. 2021 సెప్టెంబరులో వాళ్ళు మన కోవిషీల్డ్‌ని ముందు గుర్తించలేదు, గుర్తించాక సర్టిఫికెట్ చెల్లదన్నారు. మనం అక్టోబరు 4 నుంచి బ్రిటిష్ పౌరులందరికీ, టీకా వేయించుకున్నా సరే, మూడు పరీక్షలు, పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారం తిరిగేలోపు వాళ్ళు దిగొచ్చారు, 13న మనమూ ఎత్తేశాం. పని జరిగింది, కాదనను. నాకూ ఆ రోజు సంతోషం వేసింది. కానీ లండన్ విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నావిడకి పది రోజులు, మన పాస్‌పోర్టు ఉన్నాయనకి వేరే లెక్క అంటే వైరస్ పేరు చెప్పి వేరే పని చేస్తున్నట్టే కదా. అలాంటివి విదేశాంగ శాఖ వీసాలతోనో పన్నులతోనో చేసుకోనీ. ఆరోగ్య నిబంధనల్లో కలిపితే, రేపు నువ్వు నిజంగా ముప్పుందని చెప్పినప్పుడు కూడా అవతలివాళ్ళు అందులో రాజకీయమే వెతుకుతారు.

ఇంకొకటి, నిబంధన ఎప్పుడు ఎత్తేయాలో. 2021 మే మొదట్లో మన దగ్గర రోజుకి నాలుగు లక్షల కేసులు దాటిన రోజులున్నాయి. అప్పుడు విమానం దిగినవాణ్ణి మాత్రమే పట్టుకోవడం, ఇల్లంతా తడిశాక గుమ్మంలో తుండు పరిచినట్టు ఉంటుంది. లోపల లేని జబ్బుని బయటే ఆపడానికి సరిహద్దు పనికొస్తుంది. న్యూజిలాండ్ లాంటి ద్వీపం దాంతో చాలాకాలం నెట్టుకొచ్చింది. లోపల నిండిపోయాక అదే సిబ్బందిని ఆస్పత్రులకి పంపడం మేలు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం మాత్రం 2020 ఆగస్టులో మొదలై 2022 నవంబరు దాకా నడిచింది. ప్రతి నిబంధనకీ గడువు తేదీ పెట్టు. పొడిగించాలంటే కారణం మళ్ళీ రాయాలి, ఎవరూ రాయకపోతే ఆ తేదీన దానంతటదే పోవాలి. నూటికి ఇద్దరికి దిగగానే పరీక్ష చేసి, పాజిటివ్ శాంపిల్‌ని జీనోమ్ సీక్వెన్సింగ్‌కి పంపే పాత పద్ధతిని మాత్రం వదలొద్దు. ఎవర్నీ ఎక్కువసేపు ఆపదు, కొత్త రకం వస్తే ముందు చెప్పేది అదే.

సవరించాక ముసాయిదాని పెద్దలకి పంపేముందు శంషాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసే ఆరోగ్య సిబ్బంది చేత ఒకసారి చదివించు. గల్ఫ్ విమానాలు వరసగా దిగుతున్న వేళ, కౌంటరు ముందు మూడు వందల మంది నిలబడి ఉండగా దీన్ని అమలు చేయాల్సింది వాళ్ళే. ఏ వాక్యం అర్థం కాలేదో వాళ్ళకి తెలిసినంత నీకూ నాకూ తెలియదు. అలాగే తెలుగు అనువాదం ఎవరు చేస్తున్నారో కనుక్కుని రాయి. జగిత్యాల మనిషి చదువుకునేది దాన్నే కాబట్టి, అచ్చుకి వెళ్ళేలోపు నాకూ ఒక కాపీ పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న